పది శాతం మనిషి స్టూడియో కొన్న కథ: లూ వాసర్‌మన్ కేస్ స్టడీ

ఆర్టిస్టుల డేట్లు, అగ్రిమెంట్లు చూసే పనిలో హైదరాబాద్‌లో చాలా ఏళ్ళుగా ఉన్నాను. ఈ లైన్లోకి కొత్తగా వచ్చే కుర్రాళ్ళు కూర్చోగానే అడిగేది ఒకటే: "సార్, మనకి పర్సెంటేజీ ఎంత?" తప్పు ప్రశ్నేం కాదు, ఇంటద్దె కట్టుకోవాలి కదా. కానీ ఆ పర్సెంటేజీ దగ్గరే ఆగిపోయి, ఆర్టిస్టు మార్కెట్ పడిపోగానే తామూ పడిపోయిన మేనేజర్లని ఫిల్మ్‌నగర్‌లో చాలామందిని చూశాను. అందుకే కొత్తవాళ్ళకి లూ వాసర్‌మన్ కేసు చెబుతుంటాను. ఎప్పుడూ నోటితో చెప్పడమే. ఈసారి కూర్చుని రాశాను.

వాసర్‌మన్ హాలీవుడ్ ఏజెంటు. అక్కడ ఏజెంటు అంటే పది శాతం మనిషి: స్టారుకి వంద డాలర్లు ఇప్పిస్తే అందులో పది తనవి. అలాంటి మనిషి మొదట తన స్టారుకి లాభాల్లో వాటా ఇప్పించాడు. తర్వాత టీవీ షోలు సొంతంగా తీశాడు. పాత సినిమాల లైబ్రరీ కొన్నాడు, స్టూడియో స్థలం కొన్నాడు, చివరికి స్టూడియోనే కొన్నాడు. కొన్నాక, తనని అంతవాణ్ణి చేసిన ఏజెన్సీని మూసేశాడు. ఈ కేసులో నాకు ఆసక్తి ఆ మూసేసిన ఘట్టం మీదే. అక్కడికి ఎలా చేరాడో ముందు చెప్పాలి.

బ్యాండు మేళాల కంపెనీ

బాల్యం గురించి ఎక్కువ చెప్పను. 1913లో ఒహాయో రాష్ట్రం క్లీవ్‌లాండ్‌లో, రష్యా నుంచి వలస వచ్చిన యూదు కుటుంబంలో పుట్టాడు. కాలేజీ మెట్లెక్కలేదు. కుర్రతనంలో థియేటర్లో జనానికి సీట్లు చూపించే పని, తర్వాత ఒక నైట్‌క్లబ్‌కి పబ్లిసిటీ పని. 1936లో వారానికి 60 డాలర్ల జీతం మీద ఎంసీఏలో చేరాడు.

ఎంసీఏ అంటే మ్యూజిక్ కార్పొరేషన్ ఆఫ్ అమెరికా. 1924లో షికాగోలో జూల్స్ స్టైన్ అనే కంటి డాక్టరు పెట్టిన కంపెనీ. డాన్స్ హాళ్ళకీ హోటళ్ళకీ బ్యాండు మేళాలు కుదర్చడం వాళ్ళ పని. వినడానికి చిన్న వ్యాపారమే, కానీ స్టైన్ డాక్టరు దాన్ని రెండు వైపుల నుంచీ బిగించాడు. బ్యాండు వాళ్ళు ఎంసీఏ ద్వారా తప్ప ఇంకెవరి ద్వారా పని ఒప్పుకోకూడదు. హాలు ఓనరుకి పేరున్న బ్యాండు కావాలంటే మిగతా బ్యాండులు కూడా ఎంసీఏ నుంచే తీసుకోవాలి. పెద్ద హీరో సినిమా కావాలంటే పక్కనున్న చిన్న సినిమా కూడా వేసుకోవాలని మన ఎగ్జిబిటర్ల మెడ మీద పెట్టే షరతు లాంటిదే. సరుకు ఇచ్చేవాడూ కొనేవాడూ ఇద్దరూ తన గుప్పిట్లో ఉంటే మధ్యవాడు మధ్యవాడిగా మిగలడు. ఎంసీఏకి 'ఆక్టోపస్' అని పేరు రావడానికి కారణం ఇదే. వాసర్‌మన్ చదివిన కాలేజీ అదే అనుకోవచ్చు.

హాలీవుడ్‌కి వచ్చాక వీళ్ళు ఇంకో పని చేశారు. స్టార్ల ఇళ్ళ చుట్టూ తిరిగి ఒక్కొక్కరినీ ఒప్పించే బదులు, స్టార్లున్న ఏజెన్సీలనే కొనేశారు. 1945లో లీలాండ్ హేవర్డ్ ఏజెన్సీని కొన్నారు. హీరో జేమ్స్ స్టూవర్ట్ వీళ్ళ దగ్గరికి చేరింది ఆ దారిలోనే. మరుసటి ఏడాది, అంటే 1946లో, 33 ఏళ్ళ వాసర్‌మన్‌ని స్టైన్ ఎంసీఏ ప్రెసిడెంటుని చేశాడు. నల్ల సూటు, తెల్ల చొక్కా, నల్ల టై ఆయన యూనిఫారం. ఆఫీసులో ఉన్న ఏజెంట్లందరికీ దాదాపు అదే. సాయంత్రం వెళ్ళేటప్పుడు బల్ల మీద ఒక్క కాగితం కూడా ఉండకూడదు. అంకెలన్నీ తలలోనే ఉండేవంటారు.

'వించెస్టర్ 73' అగ్రిమెంటు

వాసర్‌మన్ పేరు ఎత్తగానే అందరూ చెప్పేది 1950 నాటి 'వించెస్టర్ 73' సినిమా డీల్ గురించే. అప్పటి పరిస్థితి తెలియకపోతే ఇది అర్థం కాదు.

అంతకు ముందు స్టార్లు స్టూడియోలకి నెలజీతం మనుషులు. ఏడేళ్ళ కాంట్రాక్టు, స్టూడియో చెప్పిన సినిమా చెయ్యాలి, కాదంటే సస్పెన్షన్, ఆ సస్పెన్షన్ రోజులు మళ్ళీ కాంట్రాక్టు చివర కలిపేవారు. నటి ఒలీవియా డి హావిలాండ్ వార్నర్ బ్రదర్స్ స్టూడియో మీద కోర్టుకెళ్ళి 1944లో గెలిచాక, అలా కలపడం కుదరదని, ఏడేళ్ళంటే క్యాలెండర్ ప్రకారం ఏడేళ్ళేనని తేలిపోయింది. 1948లో సుప్రీంకోర్టు పారమౌంట్ కేసు తీర్పుతో స్టూడియోలు తమ థియేటర్లని అమ్ముకోవాల్సి వచ్చింది. అదే సమయంలో ఇళ్ళలోకి టీవీ వచ్చింది. థియేటర్లు లేకుండా, జనం తగ్గిపోతుంటే, స్టార్లకి ప్రతి వారం జీతమివ్వడం స్టూడియోలకి బరువైపోయింది.

ఇంకో విషయం పన్ను. ఆ రోజుల్లో అమెరికాలో పై శ్లాబు ఆదాయపు పన్ను 90 శాతం దాకా పోయేది. స్టారుకి ఒక ఏడాదిలో పెద్ద మొత్తం ఇప్పిస్తే అందులో ఎక్కువ భాగం ప్రభుత్వానికి కట్టి రావాల్సిందే. అంటే ఏజెంటు బేరమాడి పెంచిన రేటు స్టారు ఇంటికి చేరేది కాదు.

స్టూవర్ట్ యుద్ధం నుంచి తిరిగొచ్చి ఫ్రీలాన్స్‌గా ఉన్నాడు. ఆయన రేటు రెండు లక్షల డాలర్లు. యూనివర్సల్ అప్పట్లో రెండో వరస స్టూడియో, అంత ఇచ్చుకోలేదు. వాసర్‌మన్ వెళ్ళి, జీతం వద్దు, నికర లాభంలో సగం ఇవ్వండన్నాడు. యూనివర్సల్‌కి అది వరంలా కనిపించింది. చేతి నుంచి డబ్బు పెట్టనక్కర్లేదు, సినిమా పోతే స్టారుకి బాకీ లేదు. స్టూవర్ట్‌కి వచ్చే డబ్బు ఒకేసారి కాకుండా కొన్నేళ్ళ మీద వస్తుంది కాబట్టి పన్ను దెబ్బా తగ్గుతుంది. సినిమా ఆడింది. స్టూవర్ట్‌కి ఆరు లక్షల డాలర్ల దాకా వచ్చిందని ఎక్కువ మంది రాస్తారు.

ఇక్కడ ఒక దిద్దుబాటు. లాభాల్లో వాటా తీసుకున్న మొదటి స్టారు స్టూవర్ట్ అని చాలాచోట్ల కనిపిస్తుంది. అది నిజం కాదు. హాస్యనటుల బృందం మార్క్స్ బ్రదర్స్ 1930ల్లోనే ఎంజీఎం స్టూడియోలో వసూళ్ళ మీద పర్సెంటేజీ తీసుకున్నారు. వాసర్‌మన్ కొత్తగా కనిపెట్టింది ఏదీ లేదు. స్టూడియోలు బలహీనపడిన సమయం చూసి, పాత పద్ధతిని అందరి కళ్ళలో పడే సైజులో చేశాడు. ఆ తర్వాత పెద్ద స్టార్ల ఏజెంట్లంతా అదే అడగడం మొదలుపెట్టారు. స్టారు కూలివాడి నుంచి భాగస్తుడయ్యాడు. మన దగ్గర హీరోలు రెమ్యూనరేషన్ బదులు నైజాం (తెలంగాణ) విడుదల హక్కులో, సీడెడ్ (రాయలసీమ) హక్కులో రాయించుకోవడం ఈ కుటుంబంలోదే.

కానీ 'నికర లాభం' అనే మాట దగ్గర నేను ఆగాలి, ఎందుకంటే అక్కడ నాకు దెబ్బ తగిలింది. చాలా ఏళ్ళ కిందట, నేను చూసుకునే ఒక క్యారెక్టర్ ఆర్టిస్టు తన రెమ్యూనరేషన్ సగానికి తగ్గించుకుని లాభాల్లో అయిదు శాతానికి ఒప్పుకున్నాడు. వాసర్‌మన్ కథ చెప్పి ఒప్పించింది నేనే, అగ్రిమెంటు రాయించిందీ నేనే. సినిమా బాగా ఆడింది, సక్సెస్ మీట్‌లో శాలువా కూడా కప్పారు. ఏడాది తిరిగాక లెక్క అడిగితే నాలుగు పేజీల స్టేట్‌మెంట్ వచ్చింది. ఫైనాన్స్ వడ్డీ, పబ్లిసిటీ, ఆఫీసు ఖర్చులు, ఇంకో సినిమాకి ఎవరికో ఇచ్చిన అడ్వాన్సు, అన్నీ అందులోనే. కింద లాభం గడిలో సున్నా. నిర్మాతని నేను తిట్టుకోలేదు. ఏది ఖర్చు కింద వెయ్యొచ్చో, ఏది వెయ్యకూడదో అగ్రిమెంటులో రాయనిది నేను. ఆ ఆర్టిస్టు నన్నేమీ అనలేదు గానీ, తర్వాత ఆర్నెల్లకి వేరే మేనేజర్‌ దగ్గరికి వెళ్ళిపోయాడు.

హాలీవుడ్‌లోనూ అదే జరిగింది, ఇంకా పెద్ద ఎత్తున. వాసర్‌మన్ తెరిచిన తలుపుని స్టూడియోల అకౌంటెంట్లు ముప్పై ఏళ్ళలో మెల్లగా మూసేశారు. 'కమింగ్ టు అమెరికా' సినిమా కథ తనదని హాస్యరచయిత ఆర్ట్ బుక్‌వాల్డ్ పారమౌంట్ మీద వేసిన కేసులో, ప్రపంచమంతా కోట్ల డాలర్లు వసూలు చేసిన సినిమాకి నికర లాభం అసలు లేదని స్టూడియో చెప్పింది. ఆ లెక్క కట్టే పద్ధతి న్యాయానికి నిలవదని 1990లో జడ్జి అన్నాడు. అందులో హీరో ఎడ్డీ మర్ఫీ అయితే నికర లాభంలో వాటాలని 'కోతి పాయింట్లు' అనేశాడు. బేరంలో బలమున్న స్టార్లు ఎప్పుడో గ్రాస్ మీదకి, అంటే ఖర్చులు తీయకముందు వసూళ్ళ మీదకి మారిపోయారు. నేనిప్పుడు మా ఆర్టిస్టులకి లాభం అనే మాటే వాడనివ్వను. ఏరియా అయినా రాయించుకో, గ్రాస్ మీద అయినా రాయించుకో, లేదంటే రెమ్యూనరేషన్ పూర్తిగా తీసుకో.

1952: బల్లకి రెండు వైపులా

నా దృష్టిలో వాసర్‌మన్ జీవితంలో అసలు డీల్ స్టూవర్ట్‌ది కాదు, ఇది. పేపర్లకెక్కినంతగా జనం నోట్లో నానలేదు, అంతే.

టీవీకి కార్యక్రమాలు కావాలి. సినిమా స్టూడియోలు టీవీని శత్రువుగా చూసి దూరంగా ఉన్నాయి. వాసర్‌మన్‌కి మాత్రం తన దగ్గరున్న వందల మంది నటులూ, రచయితలూ, దర్శకులూ కనిపించారు. ఎంసీఏకి రెవ్యూ ప్రొడక్షన్స్ అని ఒక అనుబంధ కంపెనీ ఉంది. దాన్ని టీవీ నిర్మాణ సంస్థగా పెంచితే?

అడ్డమొచ్చింది స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్ అనే నటుల సంఘం నిబంధన. నటుడి ఏజెంటు నిర్మాత కాకూడదు. కారణం చిన్నపిల్లాడికి కూడా అర్థమవుతుంది. ఏజెంటు పని నటుడికి ఎక్కువ ఇప్పించడం, నిర్మాత పని తక్కువలో కుదుర్చుకోవడం. రెండూ ఒకడే అయితే బేరం ఎవరితో ఎవరాడినట్టు? 1952లో గిల్డ్ ఆ నిబంధన నుంచి ఎంసీఏకి మొత్తంగా మినహాయింపు ఇచ్చింది. అప్పుడు గిల్డ్ అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్. ఆ తర్వాత అమెరికా అధ్యక్షుడైన రీగనే. ఆయన ఎంసీఏ క్లయింటు కూడా. 1940ల్లో వార్నర్ బ్రదర్స్‌తో ఏడేళ్ళకి సుమారు పది లక్షల డాలర్ల కాంట్రాక్టు ఆయనకి కుదిర్చిపెట్టింది వాసర్‌మనే.

గిల్డ్‌కి దక్కింది ఏమీ లేదా అంటే, దక్కింది. టీవీలో కార్యక్రమం మళ్ళీ వేసినప్పుడల్లా నటులకి డబ్బు రావాలని గిల్డ్ అడుగుతోంది, మిగతా నిర్మాతలు ససేమిరా అంటున్నారు. రెవ్యూ ఒప్పుకుంది. ఆ రీ-రన్ చెల్లింపులు తర్వాత వేలమంది నటులకి వయసు మళ్ళాక అన్నం పెట్టాయి, అది కాదనలేం. అయినా చూడండి, 1954 నుంచి రీగన్ రెవ్యూ తీసిన 'జనరల్ ఎలక్ట్రిక్ థియేటర్' కార్యక్రమానికి హోస్టు. సినిమా అవకాశాలు తగ్గిన సమయంలో ఆయన్ని నిలబెట్టిన ఉద్యోగం అది. 1962లో ఫెడరల్ గ్రాండ్ జ్యూరీ ఆయన్ని పిలిచి ఈ మినహాయింపు గురించి అడిగింది. చాలా ప్రశ్నలకి ఆయన జవాబు గుర్తులేదనే. నేరం ఏదీ రుజువు కాలేదు.

మినహాయింపు వచ్చాక ఎంసీఏని ఆపగలిగేవాళ్ళు లేకుండా పోయారు. కథ తమ రచయితది, హీరో తమవాడు, దర్శకుడు తమవాడు, కెమెరా ముందు నిలబడిన సెట్టూ తమదే. ఛానెల్‌కి అమ్మేటప్పుడు మొత్తం కట్టగట్టి అమ్మేవారు. దీన్నే ప్యాకేజింగ్ అంటారు. అమ్మాక కూడా ఆ కార్యక్రమం తమ దగ్గరే ఉంటుంది, మళ్ళీ మళ్ళీ అద్దెకి ఇచ్చుకోవచ్చు. కమీషన్ ఒక్కసారి వస్తుంది, నెగెటివ్, అంటే సినిమా మీద హక్కు, ఏటేటా పాలు ఇస్తుంది.

ఇది పాత గొడవ అనుకోకండి. 2019 ఏప్రిల్‌లో అమెరికాలో రచయితల గిల్డ్ తన సభ్యులందరి చేతా ఏజెంట్లని ఒక్కసారిగా వదిలింపజేసింది. కారణం ఇదే: ఏజెన్సీలు ప్యాకేజింగ్ ఫీజులు తీసుకుంటున్నాయని, నిర్మాణ సంస్థల్లో వాటాలు పెట్టుకున్నాయని. 2021 ఫిబ్రవరిలో గానీ ఆ గొడవ పూర్తిగా తీరలేదు. మన దగ్గర హీరో మేనేజరే సహనిర్మాతగా పోస్టర్ మీద పేరు వేసుకుంటే ఎవరూ ప్రశ్న వెయ్యరు. అడగడానికి ఆ కోణంలో నిబంధన రాసుకున్న సంఘం లేదు మరి. ఆ పని చెయ్యమని నాకూ రెండుసార్లు పిలుపొచ్చింది. ఒకసారి వద్దన్నాను, ఒకసారి ఒప్పుకున్నాను. ఒప్పుకున్న సినిమాలో మా ఆర్టిస్టు రెమ్యూనరేషన్ మాట్లాడాల్సి వచ్చినప్పుడు నా నోరు పెగల్లేదు.

కొనుగోళ్ళు

1958లో పారమౌంట్ తన పాత సినిమాలు, 1940ల చివరి దాకా తీసిన మాటల సినిమాలు సుమారు ఏడు వందలు, అమ్మకానికి పెట్టింది. ఆడేసిన సినిమాలు, థియేటర్లో మళ్ళీ ఎవరు చూస్తారనుకున్నారు. ఎంసీఏ అయిదు కోట్ల డాలర్లకి కొంది. చేతి నుంచి ఒకేసారి పెట్టిన డబ్బు అందులో కొంతే. టీవీ స్టేషన్లకి అద్దెకిచ్చి కొద్ది ఏళ్ళలోనే పెట్టుబడి రాబట్టుకుంది. మన దగ్గర శాటిలైట్ ఛానెళ్ళు వచ్చిన కొత్తలో పాత నిర్మాతల దగ్గర నెగెటివ్ హక్కులు కారుచౌకగా కొన్నవాళ్ళు ఉన్నారు. ఆ కథలు వింటే నాకు పారమౌంటే గుర్తొస్తుంది.

అదే ఏడాది చివర్లో యూనివర్సల్ స్టూడియో స్థలాన్ని 1.125 కోట్ల డాలర్లకి బేరం కుదుర్చుకున్నాడు. స్థలం అమ్మిన యూనివర్సల్ అందులోనే అద్దెకి ఉండిపోయింది. ఎనిమిదేళ్ళ కిందట స్టూవర్ట్‌కి రెండు లక్షలు ఇవ్వలేక వాటా ఇచ్చిన కంపెనీ, ఇప్పుడు అదే ఏజెంటుకి అద్దె కడుతోంది!

ఈ కాలంలో నాకు బాగా నచ్చే ఘట్టం దర్శకుడు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్‌ది. ఆయన వాసర్‌మన్ క్లయింటు. 1955 నుంచి ఆయన పేరు మీద నడిచిన టీవీ సిరీస్‌తో ప్రతి ఇంటికీ తెలిసిన ముఖమయ్యాడు. 'సైకో' తీస్తానంటే పారమౌంట్‌కి ఇష్టం లేకపోయింది, పెట్టుబడికి వెనకాడింది. అప్పుడు కుదిరిన ఏర్పాటు ఇది: హిచ్‌కాక్ తన రెండున్నర లక్షల డాలర్ల ఫీజు వదులుకుంటాడు, ఖర్చు తనే పెట్టుకుంటాడు, బదులుగా నెగెటివ్‌లో 60 శాతం ఆయనది, పారమౌంట్ విడుదల మాత్రం చేస్తుంది. షూటింగ్ ఎంసీఏ కొన్న ఆ స్థలంలోనే, ఆయన టీవీ యూనిట్‌తోనే. ఎనిమిది లక్షల డాలర్ల చిల్లరలో సినిమా అయిపోయింది. 1960లో విడుదలై డబ్బు వర్షం కురిపించింది. తర్వాత కొద్ది ఏళ్ళకి హిచ్‌కాక్ ఆ సినిమా హక్కుల్నీ, టీవీ సిరీస్ హక్కుల్నీ ఎంసీఏకి ఇచ్చేసి బదులుగా ఎంసీఏ షేర్లు తీసుకున్నాడు. కంపెనీలో మూడో పెద్ద వాటాదారుడయ్యాడు.

ఈ లావాదేవీని కాగితం మీద గీసుకుని చూడమని కుర్రాళ్ళకి చెబుతాను. క్లయింటు ధనవంతుడయ్యాడు, మోసపోయాడని ఎవరూ అనలేరు. ఏజెంటుకి కమీషన్‌తో పని లేకుండా పోయింది, సినిమానే వచ్చింది. క్లయింటూ ఏజెంటూ ఒకే కంపెనీలో వాటాదారులయ్యారు. ఇప్పుడు హిచ్‌కాక్ తరవాతి సినిమాకి యూనివర్సల్‌తో గట్టిగా బేరమాడాలంటే ఆయన తరఫున మాట్లాడేదెవరు?

ఏజెన్సీ మూతపడిన రోజు

1962లో ఎంసీఏ డెక్కా రికార్డ్స్‌ని కలుపుకుంది. పాటల కోసం కాదు. యూనివర్సల్ పిక్చర్స్ డెక్కా చేతిలో ఉంది కాబట్టి. స్థలం ముందే తనది, ఇప్పుడు అందులో అద్దెకున్న స్టూడియో కూడా తనదే.

అప్పటికే రాబర్ట్ కెనెడీ అటార్నీ జనరల్‌గా ఉన్న న్యాయశాఖ ఎంసీఏ మీద దర్యాప్తు చేస్తోంది. 1962 జూలైలో గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద కేసు వేసింది. నటుల్ని నీ చేతిలో పెట్టుకుని, వాళ్ళు పనిచేసే టీవీ కంపెనీనీ సినిమా కంపెనీనీ కూడా పెట్టుకుంటానంటే కుదరదు, ఏదో ఒకటి ఎంచుకోమంది.

పేరు తెచ్చింది ఏజెన్సీ. స్టార్లంతా ఉన్నది ఏజెన్సీలో. హాలీవుడ్ భయపడేది ఏజెన్సీకి. ఇంకొకరైతే కోర్టుల చుట్టూ పదేళ్ళు తిరిగేవారు. వాసర్‌మన్ లెక్క చూసుకున్నాడు. కంపెనీ ఆదాయంలో కమీషన్లు అప్పటికే చిన్న భాగం. ఏజెన్సీ మూసేశాడు. వందలమంది క్లయింట్లకి ఉన్నట్టుండి ఏజెంటు లేకుండా పోయాడు. ఎంసీఏలో పనిచేసిన ఏజెంట్లు తలోదారిన చిన్న ఏజెన్సీలు పెట్టుకున్నారు, పాత క్లయింట్లని పంచుకున్నారు.

చాలామంది దీన్ని ప్రభుత్వం సాధించిన విజయంగా రాశారు. నాకు అలా కనిపించదు. పన్నెండేళ్ళుగా కమీషన్ నుంచి ఆస్తి వైపు నడుస్తున్న మనిషిని, నువ్వు ఆస్తి వైపే వెళ్ళాలని ప్రభుత్వం ఆదేశించింది. ఓడిపోయినట్టు కనిపిస్తూ తనకి కావాల్సిందే తీసుకున్నాడు. అయితే దెబ్బ తగిలినవాళ్ళు లేకపోలేదు. ఆ వారం ఫోను చేస్తే ఎత్తే దిక్కులేని చిన్న నటులు వాళ్ళు. ఆ మూసివేత గురించి రాసినవాళ్ళకి స్టార్ల పేర్లు గుర్తుంటాయి, వీళ్ళు గుర్తుండరు.

స్టూడియో పెద్దగా

ఇక్కడి నుంచి ముప్పై ఏళ్ళు ఆయన యూనివర్సల్ యజమాని. ఇది పెద్ద భాగమే, కానీ మన పనికి కావాల్సినవి కొన్నే. 1964లో స్టూడియో లోపలికి టిక్కెట్టు పెట్టి జనాన్ని బస్సుల్లాంటి ట్రామ్‌లలో తిప్పడం మొదలుపెట్టాడు. రామోజీ ఫిల్మ్ సిటీలో మనం బస్సెక్కి తిరగడం లాంటిదే. షూటింగ్ ఉన్నా లేకపోయినా స్థలం డబ్బు తెచ్చింది. 1966లో అమెరికా అధ్యక్షుడి దగ్గర పనిచేస్తున్న జాక్ వాలెంటీని తీసుకొచ్చి సినిమా పరిశ్రమ సంఘానికి పెద్దని చేయడంలో ఆయన చెయ్యి ఉంది. 1975 జూన్‌లో 'జాస్'ని 400కి పైగా థియేటర్లలో ఒకేసారి, ముందు టీవీ ప్రకటనలు హోరెత్తించి విడుదల చేశారు. పెద్ద ఊళ్ళలో ముందు ఆడించి, మెల్లగా చిన్న ఊళ్ళకి పంపే పద్ధతికి అక్కడి నుంచి కాలం చెల్లింది.

తప్పులూ ఉన్నాయి, అవే నాకు ఎక్కువ పాఠం చెబుతాయి. జార్జ్ లూకస్ యూనివర్సల్‌కి 'అమెరికన్ గ్రాఫిటీ' తీసిపెట్టాడు, 1973లో అది పెద్ద హిట్టు. ఆ తర్వాత 'స్టార్ వార్స్' తెస్తే యూనివర్సల్ వద్దనుకుంది, ఫాక్స్ తీసింది. లూకస్ అక్కడ ఫీజు పెంచమని పట్టుబట్టలేదు, సీక్వెల్ హక్కులూ బొమ్మల హక్కులూ తన దగ్గర పెట్టుకున్నాడు. కమీషన్ వదిలి ఆస్తి పట్టుకోవడం అనే విద్య కనిపెట్టిన ఇంట్లో పనిచేసిన కుర్రాడు, ఆ విద్య పక్కింట్లో ప్రయోగించాడు.

రెండోది వీడియో క్యాసెట్. 1976లో సోనీ బీటామ్యాక్స్ మీద యూనివర్సల్, డిస్నీ కలిసి కేసు వేశాయి, ఇంట్లో కార్యక్రమాలు రికార్డు చేసుకోవడం కాపీరైటు దొంగతనమని. ఎంసీఏ అప్పట్లో సొంతంగా వీడియో డిస్కు మీద డబ్బు పెడుతోంది, అదీ ఒక కారణం. ఎనిమిదేళ్ళ తర్వాత 1984లో సుప్రీంకోర్టు అయిదు-నాలుగు తేడాతో సోనీ వైపు తీర్పిచ్చింది. ఓడిపోవడమే మేలైంది! క్యాసెట్ల అమ్మకం స్టూడియోలకి థియేటర్ కంటే పెద్ద ఆదాయం అయింది. పారమౌంట్ పాత సినిమాల విలువ టీవీ వచ్చాక పెరుగుతుందని 1958లో చూడగలిగిన మనిషికే, ఇరవై ఏళ్ళ తర్వాత క్యాసెట్‌లో అదే విషయం కనిపించలేదు. అప్పుడు కొనేవైపు ఉన్నాడు, ఇప్పుడు కాపలా కాసే వైపు ఉన్నాడు.

అమ్మకం

1990 చివర్లో ఎంసీఏని జపాన్ ఎలక్ట్రానిక్స్ కంపెనీ మత్సుషితాకి అమ్మారు, 600 కోట్ల డాలర్ల పైచిలుకు. మధ్యవర్తి మైకేల్ ఓవిట్జ్, ఆ తరం ఏజెంట్లలో అందరికంటే బలమైనవాడు. వాసర్‌మన్ తన వాటాకి నగదు తీసుకోలేదు. పన్ను వెంటనే పడకుండా, ఏటా డివిడెండ్ ఇచ్చే ప్రిఫర్డ్ షేర్లు రాయించుకున్నాడు, విలువ 30 కోట్ల డాలర్లకి పైనే. స్టూవర్ట్‌కి నలభై ఏళ్ళ కిందట చేసిన ఏర్పాటే, ఇప్పుడు తనకి తను చేసుకున్నాడు.

కానీ ఈ కాగితంలో ఒకటి లేదు. కంపెనీని నడిపే అధికారం ఎవరిదో ఆ కాగితం కాపాడలేదు. కుర్చీ ఆయనదే, నిర్ణయాలు మత్సుషితా వాళ్ళుండే ఒసాకావి. ఆయన, ఆయన కుడిభుజం సిడ్ షైన్‌బర్గ్ పెద్ద కొనుగోళ్ళకి అనుమతి అడిగితే జపాన్ వాళ్ళు ఒప్పుకోలేదు. 1995లో మత్సుషితా 80 శాతం వాటాని కెనడా మద్యం కంపెనీ సీగ్రామ్‌కి 570 కోట్ల డాలర్లకి అమ్మేసింది. ఆ బేరంలో వాసర్‌మన్‌ని పక్కన పెట్టారు. స్థలమూ స్టూడియో గేటూ లైబ్రరీ తనవి చేసుకున్న మనిషికి గౌరవ ఛైర్మన్ బిరుదు మిగిలింది. ఆయన పాత కుర్చీకి కొత్త యజమానులు ముందు మాట్లాడింది ఓవిట్జ్‌తోనే, కుదరలేదు. ఓవిట్జ్ అదే ఏడాది డిస్నీ ప్రెసిడెంటుగా వెళ్ళి, పద్నాలుగు నెలలకి సుమారు 14 కోట్ల డాలర్ల పరిహారంతో బయటికొచ్చాడు. అది ఇంకో కేసు. ఏజెంటు స్టూడియో నడపగలడా అని అడిగేవాళ్ళు ఆ రెండూ పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకరు స్టూడియోని ఇటుక ఇటుకగా కొనుక్కుని లోపలికి వెళ్ళాడు, రెండోవాడు అపాయింట్‌మెంట్ ఆర్డరుతో వెళ్ళాడు.

వాసర్‌మన్ 2002లో, 89 ఏళ్ళ వయసులో పోయాడు. అప్పటికి యూనివర్సల్ ఫ్రెంచ్ కంపెనీ వివెండి చేతిలో ఉంది. 2004లో జనరల్ ఎలక్ట్రిక్‌కి, 2011లో కామ్‌కాస్ట్‌కి వెళ్ళింది. ఎవరు కొన్నా, 1958లో కొన్న ఆ పాత సినిమాలు వాళ్ళ వెంటే వెళ్ళాయి. 1944లో పారమౌంట్ తీసిన 'డబుల్ ఇండెమ్నిటీ' సినిమా మీద హక్కు ఇవాళ యూనివర్సల్‌దే.